అలిసిపోని స్ప్రింగు

నేను వెళ్ళేసరికి ఇన్‌స్పెక్టర్ కేసు తేల్చేసి చేతులు దులుపుకుంటున్నాడు.

"రండన్నయ్యా, మీరూ వచ్చారా?" అన్నాడు నన్ను చూసి. "పాపం, మాస్టారి ఇంటి అమ్మగారు మీక్కూడా ఫోన్ చేసినట్టున్నారు. ఇక్కడ పెద్దగా ఏం లేదు. సాయంత్రంలోగా అయిపోతుంది."

ఆ 'పాపం' ఎవరికో అడగాలనిపించింది. పళ్ళు బిగబట్టుకున్నాను.

ఈ ఇన్‌స్పెక్టర్ నాకు తోడల్లుడు. మా ఆవిడకి సొంత చెల్లెలి మొగుడు. నేను ఆ ఇంటికి పెద్దల్లుణ్ణి, చాలా ఏళ్ళుగా ప్రైవేటు డిటెక్టివ్‌ని. అతను రానంతవరకూ మా అత్తగారు నా కేసుల కబుర్లు నోరు తెరుచుకుని వినేది. అతను వచ్చాక, "నీ పనులెలా ఉన్నాయి నాయనా?" అని నన్నడిగి, నేను జవాబు చెప్పేలోపే అతని వైపు తిరుగుతుంది. మామగారైతే పోయేముందు తన చేతి గడియారం విప్పి అతని చేతిలో పెట్టారు. నేను మంచానికి అటుపక్కనే నిలబడి ఉన్నాను. ఆ గడియారం ఇప్పుడూ అతని ఎడమ చేతికుంది. అతని పక్కనున్నప్పుడు నేను ఎవర్నీ టైమెంతని అడగను.

అతను నన్ను నోరారా అన్నయ్యా అంటాడు. నేను మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అతన్ని తమ్ముడూ అని పిలవలేదు. 'ఇన్‌స్పెక్టర్ గారూ' అంటాను, ఆ 'గారు'ని కాస్త సాగదీసి. అతనికది అలవాటైపోయింది, పట్టించుకోవడం మానేశాడు. నాకు ఒళ్ళు మండేది దానికే.

"ఎలా పోయారు ఇన్‌స్పెక్టర్ గారూ, మాస్టారు?"

"ఆయన పరీక్షే ఆయన ప్రాణం తీసింది" అంటూ పరీక్షశాల లోపలికి తీసుకెళ్ళాడు.

ఆ పరీక్షశాలలో చేసే పని వినడానికి చాలా చిన్నది. ఉక్కు స్ప్రింగుని రెండు ప్లేట్ల మధ్య పెడతారు. కింది ప్లేటు నుంచి పైకి లేచే బోల్టు స్ప్రింగు మధ్యలోంచి వచ్చి, పై ప్లేటులోంచి బయటికొస్తుంది. దానికి నట్టు తిప్పుతూ స్ప్రింగుని అణిచేస్తారు. అలా అణిచిపెట్టిన సరంజామాని అక్కడివాళ్ళు బిగింపు అంటారు. ఆ బిగింపుని వేడి ఓవెన్‌లో నెలల తరబడి వదిలేస్తారు. మధ్యమధ్యలో బయటికి తీసి, చల్లార్చి, స్ప్రింగు ఇంకా ఎంత బలంగా తంతోందో ప్రెస్ మీద చూస్తారు. మొదటి రోజు తన్నినంత గట్టిగా ఏ స్ప్రింగూ తర్వాత తన్నదు. ఎంత తగ్గిందన్నదే వాళ్ళ లెక్క. తక్కువ తగ్గినదాన్ని లిఫ్టు బ్రేకుల్లో వేస్తారు, మనం ఆ లిఫ్టులో నిశ్చింతగా ఎక్కి దిగుతుంటాం.

మాస్టారు ఆ పరీక్షశాలకి పెద్ద. ఆయన కింద ఇద్దరు ఇంజనీర్లు. ఒకరు ఆయన సొంత అల్లుడు. రెండోది, చదువవుతూనే వచ్చి ఆయన దగ్గర పని నేర్చుకున్న ఒకమ్మాయి. ఇద్దరూ చెరో రకం ఉక్కు తయారుచేశారు. అల్లుడి బిగింపుల నట్ల మీంచి బోల్టు దాకా నీలం గీత, అమ్మాయి బిగింపుల మీద పసుపు గీత. ఎవరి స్ప్రింగు తక్కువ నీరసిస్తే, వచ్చే ఏడు మాస్టారు దిగిపోయాక ఆ కుర్చీ వాళ్ళది. ఇవాళ కొలతల రోజు.

"పొద్దున మాస్టారు ఒంటరిగా ఈ బల్ల దగ్గర బిగింపు విప్పుతున్నారు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "స్పానర్ వేశారో లేదో నట్టు ఊడింది. పై ప్లేటు లేచి నుదుటికి తగిలింది. అక్కడికక్కడే. నట్టు మరలు చూడండి, సగానికి సగం అరిగిపోయి ఉన్నాయి. గీత పసుపు. అంటే బిగించింది ఆ అమ్మాయి. అరిగిన నట్టు చూసుకోకుండా వాడింది. నిర్లక్ష్యం వల్ల చావు. సాయంత్రం నాతో స్టేషన్‌కొస్తుంది."

"ఆమెనడిగారా?"

"అడిగా. తను మంచి నట్టే వేశానంటోంది. ఎవరైనా అదే అంటారుగా అన్నయ్యా."

పొద్దున మాస్టారి భార్య ఫోన్‌లో అన్న మాట నా చెవిలోనే ఉంది. "ఆ పిల్లని కాపాడు బాబూ. ఆయన తర్వాత ఇక్కడ నేను నమ్మేది దాన్నే." అల్లుడున్నాడుగా అమ్మా అన్నాను. ఆవిడ ఫోన్ పెట్టేసింది.

అల్లుడు ఆ గదిలోనే కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చొక్కా మాత్రం ఇస్త్రీ నలగలేదు.

"మామయ్యగారిది ఒక అలవాటు సార్" అన్నాడు నాతో. "ప్రెస్ మీద పెట్టకముందే నట్టు దగ్గర ముఖం పెట్టి, గీత తెగిందా లేదా అని చూస్తారు. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత తెగుతుంది కదా. చూస్తూ చూస్తూనే స్పానర్ వేసి పట్టు చూస్తారు. వద్దండీ అని ఎన్నిసార్లు చెప్పానో. విన్లేదు."

"ఆ అలవాటు అందరికీ తెలుసా?"

"ఇక్కడ పనిచేసే ఎవరికైనా తెలుసు."

నేను బల్ల మీదికి వంగాను. కింది ప్లేటు, బోల్టు అలాగే ఉన్నాయి. పై ప్లేటు, నట్టు, స్పానర్ ఒక పక్కన పెట్టారు. స్ప్రింగు ఎగిరి బీరువా కిందకి దొర్లిందట, దాన్నీ తీసి పెట్టారు. నట్టు మీది పసుపు గీతని గోటితో నొక్కాను. గోటి అచ్చు దిగింది. ప్లేటు తిప్పి చూశాను. ఉక్కు తెల్లగా, కొత్తగా మెరుస్తోంది.

నాకు విషయం అర్థమైంది. నెలల తరబడి ఓవెన్‌లో ఉన్న రంగు అంత మెత్తగా ఉండదు, ఉక్కు అంత తెల్లగా ఉండదు. బల్ల మీదున్న ఈ బిగింపు ఓవెన్‌లోంచి రాలేదు. ఎవరో కొత్తగా తయారుచేసి, పసుపు గీత గీసి, మాస్టారి ముందు పెట్టారు. అలాంటప్పుడు ఓవెన్‌లో ఉండాల్సిన అసలు బిగింపు ఏమైంది?

ఇన్‌స్పెక్టర్ నా వెనకే ఉన్నాడు. చెప్పొచ్చు. చెప్పలేదు. సాయంత్రం అందరి ముందూ అతను తన కథ పూర్తిగా వినిపించాక, అప్పుడు లేచి, "మరి అసలు బిగింపు ఎక్కడ, ఇన్‌స్పెక్టర్ గారూ?" అని అడగాలి. ఆ ముఖం చూడాలి. రాత్రికల్లా ఆ కబురు అత్తగారికి చేరాలి. అందుకని ఆ ముక్క జేబులో వేసుకున్నాను.

"ఏమన్నా దొరికిందా అన్నయ్యా?"

"ఏముంటుంది, అంతా మీరే చూసేశారుగా" అన్నాను.

అమ్మాయిని టీ గదిలో కూర్చోబెట్టారు. అక్కడికి వెళ్ళాలంటే లాకర్ల వరండా దాటాలి. ఇనప తలుపుల లాకర్లు వరుసగా ఉన్నాయి, ఒక్కోదానికి పైన గాలి రావడానికి సన్నటి చీలికలు. కింద పరిచిన ప్లాస్టిక్ షీటు మీద ఒకచోట పళ్ళెమంత గుండ్రటి మచ్చ, కాలి ముడుచుకుపోయి ఉంది. ఎవరో వేడి టీ గిన్నె దించినట్టున్నారనుకుని దాటిపోయాను.

ఆ అమ్మాయి ఏడవడం లేదు. ముందున్న టీ మీద మీగడ కట్టింది. లేడీ కానిస్టేబుల్ గుమ్మంలో నిలబడి ఉంది.

"మీరు అమ్మగారు పంపినవారేనా సార్?"

"అవునమ్మా. ఒక్కటడుగుతా, చెప్పు. ఆ నట్టు నువ్వే వేశావా?"

"పసుపు గీత నాదే. కానీ అరిగిన నట్టు నేను వేయను సార్. మాస్టారు దగ్గర నేర్చుకున్న మొదటి పాఠమే అది. నట్టుని వేళ్ళతో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వినమనేవారు. గరగరమంటే పారేయమనేవారు."

"మరి స్ప్రింగు? బిగింపులో పెట్టేముందు దాన్నేమైనా చేస్తారా?"

"మచ్చిక చేస్తాం సార్."

"అంటే?"

"కొత్త స్ప్రింగు పొగరుగా ఉంటుంది. దాన్ని ప్రెస్ మీద పెట్టి, చుట్టలు ఒకదానికొకటి తగిలేదాకా మూడుసార్లు అణిచి వదులుతాం. అప్పుడు దాని పొడవు కొంచెం తగ్గి ఒకచోట నిలుస్తుంది. పొగరు కూడా కాస్త దిగుతుంది. అక్కణ్ణుంచే పరీక్ష. మచ్చిక చేయని స్ప్రింగుని మా చేత్తో బిగించమన్నా బిగించలేం సార్, చెయ్యి రాదు." ఆమె టీ కప్పుని పక్కకి జరిపింది. "నన్ను సాయంత్రం తీసుకెళ్ళిపోతారట. ఒక్కసారి స్టేషన్ గడప తొక్కితే, మళ్ళీ ఏ పరీక్షశాలలోనూ నన్ను స్ప్రింగు ముట్టుకోనివ్వరు సార్. మాస్టార్ని నా చేత్తో చంపానన్న పేరు జీవితాంతం ఉంటుంది."

"ఉండదు" అన్నాను. ఆ మాట ఆమె మీద జాలితో అన్నానా, తోడల్లుడి మీద కడుపుమంటతో అన్నానా అంటే, రెండోదే ఎక్కువని ఒప్పుకోవాలి.

తిరిగొచ్చి నా ప్రదర్శన మొదలుపెట్టాను. అల్లుణ్ణీ ఇన్‌స్పెక్టర్నీ బల్ల దగ్గరికి పిలిచాను. గదిలో ఒక అద్దాల బీరువా ఉంది. అందులో మచ్చిక చేసి, బిగించకుండా, పోలిక కోసం దాచిన స్ప్రింగులు ఉంటాయి. ఒకటి తీసి, మాస్టారిని చంపిన స్ప్రింగు పక్కన నిలబెట్టాను. రెండిటి మీదా స్కేలు అడ్డంగా పెట్టాను. స్కేలు ఏ పక్కకీ వంగకుండా నిలబడింది.

"చూశారా ఇన్‌స్పెక్టర్ గారూ? నెలల తరబడి అణిగి ఉన్న స్ప్రింగు వదిలితే పొట్టిగా ఉండాలి, నీరసపడి ఉండాలి. ఇది నిండు పొడుగుంది. ఈ చుట్టలు తగిలిన చోట చూడండి. ఓవెన్‌లో మాడి నల్లబడాల్సిన చోట తళతళలాడుతోంది. ఇది మొన్నో నిన్నో పెట్టిన స్ప్రింగు. నిర్లక్ష్యం అనే మాట ఇక మర్చిపోండి. ఇది హత్య."

అల్లుడు బల్ల అంచు పట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ స్ప్రింగు మీదికి వంగాడు. నాకు కడుపు నిండినట్టుంది. ఆగాల్సింది. ఆగలేదు.

"ఇంకోటి వినండి. పొడవు మచ్చిక చేసినదాంతో సమానమంటే, హంతకుడు దీన్ని మచ్చిక కూడా చేశాడు. మనిషిని చంపడానికి పెట్టే స్ప్రింగుని ఎవడన్నా మూడుసార్లు అణిచి పొగరు దించుతాడా? అలాగే వదిలేస్తే ఇంకా గట్టిగా తన్నేది కదా! కానీ అతని చెయ్యి ఊరుకోలేదు. ఏళ్ళ తరబడి చేసిన చెయ్యి. బయటివాడెవడూ చేయని పని ఇది. హంతకుడు ఈ గదిలో పనిచేసే మనిషే."

ఇన్‌స్పెక్టర్ స్ప్రింగుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత నా వైపు నిజమైన గౌరవంతో చూశాడు. ఆ చూపు చూడగానే ఏదో పొరపాటు చేశానని నాకు తెలిసిపోయింది.

"శభాష్ అన్నయ్యా. నాకు తట్టనే లేదు. ఆ అమ్మాయి స్ప్రింగులే తక్కువ నీరసిస్తున్నాయని ఇక్కడందరూ చెప్పారు. ఎందుకు నీరసిస్తాయి? కొలతల రోజుకి ముందు పాతవి తీసేసి కొత్తవి పెడుతోందన్నమాట. మాస్టారు పసిగట్టారు. దాంతో ఆమె మాస్టార్నే లేపేసింది. ఇందాక నిర్లక్ష్యం, ఇప్పుడు హత్య. మీరు లేకపోతే నేను చిన్న కేసు రాసుకుని వెళ్ళిపోయేవాణ్ణి."

కాపాడతానని మాటిచ్చిన పిల్లని నేనే ఉరికంబం దాకా తోసుకొచ్చాను. అదీ అతని చేత శభాష్ అనిపించుకుని.

"ఆ పిల్లేనని ఎలా చెప్తారు?" అన్నాను కంగారుగా. "ఓవెన్ తెరిపించండి. పసుపుదొకటి, నీలందొకటి తీయించండి. ప్రెస్ మీద కొలిపించండి. ఎవరి స్ప్రింగు ఎంత నీరసించిందో చూద్దాం. మోసం చేసినవాళ్ళది నీరసించదు."

"చల్లారకుండా కొలవకూడదు సార్" అన్నాడు అల్లుడు వెంటనే. "వేడి మీద కొలిస్తే లెక్క తప్పొస్తుంది."

"చల్లారనిద్దాం" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఎంతసేపు?"

"ఫ్యాన్ కింద పెడితే గంట పట్టొచ్చు." అల్లుడు జేబురుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఈలోగా మా ఆవిడకి ఫోన్ చేసొస్తాను. తండ్రి పోయి ఇంట్లో ఏడుస్తూ కూర్చుంది."

కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? వెళ్ళాడు. చాలాసేపటికి గానీ రాలేదు. నేను అతని వెనక వెళ్ళాల్సింది. కానీ నా కళ్ళు తోడల్లుడి మీదే ఉన్నాయి. అతను ప్రెస్ చుట్టూ తిరుగుతూ, పక్క షెడ్డు నుంచి పిలిపించిన మేస్త్రీని ఒక్కో మీటా అడిగి తెలుసుకుంటున్నాడు. కాసేపట్లో తనే నడపడం నేర్చేసుకున్నాడు. మేస్త్రీ అతని భుజం తట్టాడు. నేనూ పక్కనే ఉన్నాను, నాకేసి చూడనైనా చూడలేదు. ఏ ఊళ్ళో ఏ మూలకెళ్ళినా ఇంతే.

బిగింపులు చల్లారాయి. అమ్మాయిని కూడా పిలిపించారు. నిందితులిద్దరి చెయ్యీ తగలకూడదని ఇన్‌స్పెక్టరే ప్రెస్ నడిపాడు. ముందు పసుపుది. ముల్లు పైకి వెళ్ళి ఆగింది. మేస్త్రీ చదివాడు. మొదటి రోజు బలంలో నూటికి ఆరు తగ్గింది.

తర్వాత నీలంది. ముల్లు ఇంకా పైకి వెళ్ళింది. మేస్త్రీ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఏం తగ్గలేదండీ. మొదటి రోజు ఎంతుందో అంతే ఉంది."

అల్లుడే ముందు నవ్వాడు. "చెప్పాను కదా, నా ఉక్కు అలాంటిది. ఇన్నేళ్ళ కష్టం. మామయ్యగారే ఏనాడూ నమ్మలేదు. పరాయి పిల్ల చేసిందంటే గొప్ప, అల్లుడు చేసిందంటే అనుమానం. ఇంట్లో భోజనం దగ్గర కూడా ఆ పిల్ల గురించే. ఆ పిల్ల బుర్ర, ఆ పిల్ల చెయ్యి! నేను కంచంలో తల దించుకుని తినేవాణ్ణి." ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "ఇప్పుడు చూడండి ఎవరిది గొప్పో."

అతని మాటలు నాకు ఎక్కడో తగిలాయి. ఆ కంచం ముందు నేనూ కూర్చున్నాను. ఆ పెరుగన్నం గొంతు దిగకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

"అలిసిపోని స్ప్రింగు ఉండదు సార్" అంది అమ్మాయి మెల్లగా, అతనితో కాదు, నాతో. "ఎంత మంచి ఉక్కైనా కొంత తగ్గాల్సిందే. ఏమీ తగ్గలేదంటే అది ఇన్నాళ్ళూ బరువు మొయ్యలేదనే అర్థం. మాస్టారు కూడా పోయిన కొలతలప్పుడు ఇదే మాటన్నారు. ఈసారి పొద్దున్నే ఒక్కణ్ణే వచ్చి చూస్తానన్నారు."

నేను నీలం నట్టు తీసి ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టాను. పక్కన పసుపు నట్టు. ఓవెన్ వేడికి పసుపు గీత మాడి ఆవపిండి రంగుకి తిరిగింది. నీలం గీత పెళ్ళి బాజా మీది రంగులా మెరుస్తోంది.

"నెలల తరబడి ఒకే ఓవెన్‌లో ఉన్న గీతలట, ఇన్‌స్పెక్టర్ గారూ. స్ప్రింగులు మార్చింది ఎవరో మీరే చెప్పండి."

అతను రెండు నట్లనీ చాలాసేపు చూశాడు. "మోసం ఈయనదే" అన్నాడు చివరికి. "ఒప్పుకుంటున్నా. కానీ హత్య వేరే సంగతి అన్నయ్యా. మాస్టారిని చంపిన బిగింపు మీద ఉన్నది పసుపు గీత. అది తేలేదాకా ఇద్దరూ నాతో స్టేషన్‌కి రావాల్సిందే."

అల్లుడు ఏమాత్రం బెదరలేదు. అదే వింత. "రావడానికేం సార్, వస్తాను" అన్నాడు. "ఆ అమ్మాయి బ్యాగు లాకర్లో ఉంటుంది. పాపం, దాన్ని తీసుకోనివ్వండి. ఆడపిల్ల, రాత్రికి ఏమవసరమొస్తుందో." ఇందాకటి దాకా పరాయి పిల్ల, ఇప్పుడు పాపం అయింది.

ఇన్‌స్పెక్టర్ అతన్ని ఆఫీసు గదిలో కానిస్టేబుల్ పక్కన కూర్చోబెట్టమన్నాడు. అమ్మాయిని మళ్ళీ టీ గదికి తీసుకెళ్ళారు. నేను బల్ల దగ్గర మిగిలాను. నా సమయం వచ్చింది. గొంతు సవరించుకున్నాను. ఆ తెల్లటి ప్లేటు చేతిలో పట్టుకుని టీ గదికి వెళ్ళాను, జేబులో దాచుకున్న ముక్కని బయటికి తీద్దామని. ఇన్‌స్పెక్టర్ అక్కడ లేడు.

"ఏడమ్మా మీ ఇన్‌స్పెక్టరు?"

"నా బ్యాగు తేవడానికి వెళ్ళారు సార్" అంది అమ్మాయి. "కస్టడీలో ఉన్నవాళ్ళు లాకర్లు ముట్టుకోకూడదట. నువ్వు కూర్చో తల్లీ, నేను తెస్తానని తాళం తీసుకెళ్ళారు. మంచివారు సార్ ఆయన."

మంచివాడట. అది కూడా అతనికే. ఆ మంట ఇంకా పైకి లేవకముందే నా చేతిలో ప్లేటు బరువుగా అనిపించింది. గుండ్రటి ప్లేటు. పళ్ళెమంత.

లాకర్ల ముందు కాలిన మచ్చ కూడా అంతే ఉంది.

అది టీ గిన్నె కాదు. ఓవెన్‌లోంచి తీసిన అసలు బిగింపు. వేడి వేడిగా మోసుకొచ్చి, లాకరు తీయడానికి ఒక్క క్షణం కింద దించారు. ఇప్పుడా బిగింపు అణిగిన స్ప్రింగుతో సహా ఏదో ఒక లాకర్లో ఉంది. అల్లుడు ఫోన్ చేసొస్తానని వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు. ఆ సమయంలోనే మారు తాళంతో లాకరు తీసి, తలుపు లాగగానే బిగింపు ఊడేలా ఏర్పాటు చేసి ఉంటాడు. ఆ అమ్మాయిని తన బ్యాగు తనే తీసుకోనివ్వమన్నాడు. లాకరు తెరుస్తూ ఆమె పోతే, తను దాచుకున్న బిగింపే తనని చంపిందంటారు, కేసు మూసేస్తారు.

ఇవన్నీ చెప్పడానికి ఇంతసేపు పట్టింది. అప్పుడు రెప్పపాటు కూడా పట్టలేదు. పరుగెత్తాను.

వరండా చివర అతను తాళం తిప్పుతున్నాడు. తలుపు పైనున్న చీలికలోంచి సన్నటి తీగ ఒకటి మెరిసింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ!" అని అరిచాను.

అతను తల తిప్పలేదు. ఎందుకు తిప్పుతాడు? ఆ పిలుపు వెనక ఎప్పుడూ ఏదో ఒక ఎత్తిపొడుపే ఉంటుంది. "ఒక్క నిమిషం అన్నయ్యా" అంటూ పిడి లాగాడు.

"తమ్ముడూ! తీయొద్దురా!"

అతను ఆశ్చర్యపోయి నా వైపు తిరిగాడు. ఎడమ చెయ్యి పైకి లేచింది. అదే క్షణంలో తలుపు విరుచుకు తెరుచుకుంది. అతని ముఖం అంతకుముందున్న చోటులోంచి ఇనప ప్లేటు దూసుకొచ్చి, లేచిన చేతికి తగిలి, ఎదురుగోడలో పెచ్చు లేపి కింద పడింది.

నేను వెళ్ళేసరికి అతను నేల మీద కూర్చుని మణికట్టు పట్టుకుని ఉన్నాడు. రక్తం కారుతోంది, ఎముక మాత్రం విరగలేదు. దెబ్బంతా గడియారం తిన్నది. మామగారి గడియారం అద్దం, ముళ్ళు, చక్రాలు వరండా నిండా చెల్లాచెదురయ్యాయి. అది ఆ చేతి మీంచి ఊడిపోవాలని నేను ఎన్ని రాత్రులు కోరుకున్నానో నాకే తెలుసు. ఇప్పుడు నేల మీద మోకాళ్ళేసి దాని ముక్కలు ఏరుతుంటే నాకు ఏడుపొచ్చింది.

"ముందే తెలుసా అన్నయ్యా, అసలు బిగింపు మాయమైందని?"

"పొద్దున్నే తెలుసు." అబద్ధమాడలేకపోయాను. "నీ ముందు గొప్ప కోసం దాచాను."

అతను నన్ను చూశాడు. ఏదో అనబోయాడు. అంతలో వరండా మలుపులోంచి పరుగెత్తుకుంటూ వస్తున్న అడుగుల చప్పుడు. అల్లుడు, వెనకే కానిస్టేబుల్. మలుపు అవతల్నించి ఈ లాకర్లు కనపడవు, మేము కనపడం. చప్పుడు తప్ప వాళ్ళకేమీ తెలిసే వీలు లేదు.

"అయ్యో! ప్లేటు తలకి తగిలిందా?" అని అరుస్తూనే వచ్చాడు అల్లుడు. "ఆ పిల్ల బతికే ఉందా?"

మలుపు తిరిగాడు. నేల మీద నన్నూ ఇన్‌స్పెక్టర్నీ చూసి, కాళ్ళకి మేకులు కొట్టినట్టు ఆగిపోయాడు.

ఇన్‌స్పెక్టర్ మంచి చేత్తో నా భుజం పట్టుకుని లేచాడు. ఆ ప్రశ్న అతని నోటి దాకా వచ్చిందని నాకు తెలుసు. అడిగితే రేపు పేపర్లో అతని ఫొటో. అతను నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు.

"మీరే అడగండన్నయ్యా."

నేను అల్లుడి కళ్ళల్లోకి చూశాను. అమ్మగారికి ఈ కబురు ఎలా చెప్పాలో తెలియలేదు. మొగుణ్ణి చంపినవాడు సొంత కూతురి మొగుడని ఏ నోటితో చెప్పను?

"చప్పుడు ఒక్కటే విన్నావు బాబూ" అన్నాను. "అది ప్లేటని, తగిలింది తలకని, తగిలింది ఆ పిల్లకని నీకెవరు చెప్పారు?"

అతను నా భుజం మీంచి వెనక్కి చూస్తున్నాడు. అక్కడ టీ గది గుమ్మంలో ఆ అమ్మాయి నిలబడి ఉంది, ఒంటి మీద చిన్న గీత కూడా లేకుండా.